నవల మధ్యలో ఆగిపోయిన అక్కయ్యలకు

కిందటి నెలలో ఇదే కార్యక్రమంలో నవలలు చదివే అలవాటును గురించి మాట్లాడాను. ఆ ప్రసంగం విని మీరు రాసిన ఉత్తరాలు నా దగ్గర ఓ చిన్న కట్ట అయ్యాయి. చిత్రమేమిటంటే, వాటిలో సగానికి పైగా చదవడాన్ని గురించినవి కావు. "నేనూ ఒక నవల మొదలుపెట్టానండీ, ఎనిమిది ప్రకరణాలు రాశాను, ఇక సాగడం లేదు" అని ఒకరు. "రాసింది మళ్ళీ చదువుకుంటే సిగ్గేస్తోంది, పొయ్యిలో పెట్టేద్దామా అనిపిస్తోంది" అని ఇంకొకరు. (గ్యాసు పొయ్యిలొచ్చాక నవల తగలబెట్టడం కూడా అంత సుళువు కాదు లెండి!) ఒకావిడ మాత్రం ఏమీ దాచకుండా సూటిగా అడిగారు: "నాకు రాయడం వచ్చో రాదో ఎవరు చెబుతారు? రాదని తెలిస్తే ఈ అవస్థ మానేసి హాయిగా ఉంటాను కదా!"

ఈ ఆఖరి ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు. ఎందుకంటే అది నా ప్రశ్న కూడాను. నా చదువు పదో తరగతితో సరి. నేనూ రెండేళ్ళుగా ఒక నవల రాస్తున్నాను. అంచేత గట్టున కూర్చుని ఈత నేర్పే పెద్దమనిషిలాగా మాట్లాడే అర్హత నాకు లేదు. మీతోపాటు నీళ్ళు మింగుతూ, ఎక్కడ కాలు ఆనిందో అది మాత్రం చెబుతాను.

నవల అనగానే మనం వినే కథలు ఎలాంటివి? విశ్వనాథ సత్యనారాయణగారు 1934లో 'వేయిపడగలు'ను 29 రోజుల్లో ఆశువుగా చెబుతూ ఉంటే వారి తమ్ముడుగారు రాసుకుపోయారని చెప్పుకుంటాం. సుమారు వెయ్యి పుటల గ్రంథం! ఉన్నవ లక్ష్మీనారాయణగారు వేలూరు జైల్లో కూర్చుని 'మాలపల్లి' రాశారు. గర్వంగా చెప్పుకోవలసిన సంగతులే. కానీ రాత్రి పది దాటాక, వంటింటి గట్టు తుడుచుకుని, అరపేజీ రాసి, దాన్నీ కొట్టేసుకుని పడుకునే మనిషికి ఇవి ధైర్యం ఇస్తాయా? నాకైతే ఇవ్వలేదు. వెయ్యి పుటలూ 29 రోజులూ అని లెక్క వేసుకుంటే నా రెండేళ్ళు తలుచుకుని భయమేసింది. మహానుభావుల కథల్లో మనకు చేరేది ఎప్పుడూ చివరి ముక్క. మధ్యలో వాళ్ళు పడ్డ యాతన ఏదైనా ఉంటే అది మన చెవిదాకా రాదు.

ఆ యాతన ఉన్నదున్నట్టు నాకు ఒక డైరీలో దొరికింది. జాన్ స్టైన్‌బెక్ అనే అమెరికా రచయిత పేరు మీలో చాలామంది వినే ఉంటారు. 1902లో కాలిఫోర్నియాలో పుట్టాడాయన. 1930ల్లో ఓక్లహోమా మొదలైన ప్రాంతాల్లో వానలు లేక, మట్టి గాలివానలు రేగి, అప్పులిచ్చినవాళ్ళు భూములు లాక్కుంటే, రైతు కుటుంబాలు పాత మోటారు బండ్ల మీద కుండా మండా కట్టుకుని పని కోసం కాలిఫోర్నియా బయలుదేరాయి. ఆ బాధ మీద ఆయన రాసిన నవలే 'ది గ్రేప్స్ ఆఫ్ రాత్'. 1939 ఏప్రిల్‌లో అచ్చయింది. ఆ ఏడు అమెరికాలో అన్నిటికంటే ఎక్కువగా అమ్ముడుపోయిన నవల అదే. మరుసటి ఏడు పులిట్జర్ బహుమానం వచ్చింది. 1962లో ఆయనకు నోబెల్ బహుమానం ఇచ్చారు.

ఇదంతా చివరి ముక్క. మధ్య ముక్క సంగతి వినండి.

1938 మే నెలాఖరు నుంచి అక్టోబరు 26వ తేదీ వరకూ, దాదాపు అయిదు నెలలు, ఆయన ఈ నవల రాశాడు. రోజూ నవల ముట్టుకోబోయే ముందు ఒక డైరీలో నాలుగు ముక్కలు రాసుకునేవాడు. చెయ్యి సాపు చేసుకోవడానికి. ఆ డైరీ ఆయన పోయిన తరవాత 1989లో 'వర్కింగ్ డేస్' అనే పేరుతో పుస్తకంగా వచ్చింది. అందులో ఆయన తనను తాను తిట్టుకున్న తిట్లు అన్నీ ఇన్నీ కావు. ఈ పుస్తకాన్ని సరిగ్గా రాయగలిగితే ఎంతో గొప్పది అవుతుంది గాని నా అజ్ఞానమూ చేతకానితనమూ అడ్డొస్తున్నాయంటాడు. నేను బద్ధకస్తుణ్ణంటాడు. ఆగస్టు నెలలో ఒకరోజు, అసలు నేను రచయితనే కాను, నన్ను నేనూ మోసం చేసుకుంటున్నాను, లోకాన్నీ మోసం చేస్తున్నాను అనేదాకా వెళ్ళాడు. అప్పటికి నవల సగం దాటింది. అంతకు ముందు ఏడాదే 'ఆఫ్ మైస్ అండ్ మెన్' అనే చిన్న నవలతో ఆయనకు దేశమంతా పేరు వచ్చి ఉంది. అయినా అదే పాట!

ఆ పేజీ చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. ఆ ఆగస్టు మాట అచ్చంగా నా మాట. నేను తెలుగులో అనుకున్నాను, ఆయన ఇంగ్లీషులో అనుకున్నాడు, అంతే.

ఇంకో సంగతి. మహారచయితలు ఏ కొండ మీదో, ఏటి ఒడ్డునో ప్రశాంతంగా కూర్చుని రాస్తారని మనకో భ్రమ ఉంది కదూ? ఆ వేసవిలో ఆయన ఇంటి పరిస్థితి చూడండి. పక్కన ఎవరో ఇల్లు కట్టుకుంటూ సుత్తి దెబ్బలు. వచ్చే చుట్టం, పోయే చుట్టం. భార్యకు గొంతులో టాన్సిల్స్ ఆపరేషను. ఆయన పుస్తకాలు వేసే ప్రచురణ సంస్థ అదే వేసవిలో దివాళా తీసింది. ఇవి చాలనట్టు వేరేచోట స్థలం కొనే వ్యవహారం. మన ఇళ్ళల్లో పెళ్ళిచూపులూ, పరీక్షలూ, ఇంటికి సున్నాలూ వచ్చినట్టే. వీటన్నిటి గురించీ డైరీలో విసుక్కుంటాడు. విసుక్కుని, చిట్టచివర, సరే ఇక పనిలోకి వెళ్ళాలి అన్నట్టుగా ఆపుతాడు. రోజుకు 2000 మాటలు అని లెక్క పెట్టుకున్నాడు. కుదరని రోజులు చాలానే ఉన్నాయి. కుదరని రోజు తరవాత మళ్ళీ రోజు వచ్చేది, మళ్ళీ కూర్చునేవాడు. ఆ డైరీ అంతా తిరగేస్తే అనుమానం తగ్గిన వారం ఒక్కటీ లేదు. అనుమానం పెరిగిందని ఆపేసిన వారం కూడా లేదు.

మీరు ఇక్కడ నన్ను ఒక మాట అడగవచ్చు. "ఆయన నిజంగానే గొప్పవాడు కాబట్టి ఆయన అనుమానం ఉత్తుత్తిది. మన అనుమానం నిజమైతేనో?" న్యాయమైన ప్రశ్నే. దీనికి జవాబు కూడా ఆయన జీవితంలోనే ఉంది. నా మట్టుకు నాకు ఈ ప్రసంగంలో ముఖ్యమైనది ఇదే.

ఈ నవలకు ముందు, అదే 1938 మొదటి నెలల్లో ఆయన వేరే పుస్తకం ఒకటి రాశాడు. కూలీల సమ్మె నేపథ్యంగా, అధికార్లనూ ఆసాములనూ వెక్కిరిస్తూ రాసింది. దాదాపు పూర్తయిపోయింది. మే నెలలో మళ్ళీ చదువుకున్నాడు. ఇది కోపంతో రాసిన వెక్కిరింతేగాని మనుషుల్ని అర్థం చేసుకున్న పుస్తకం కాదని తేల్చుకున్నాడు. మొత్తం పుస్తకాన్ని నాశనం చేసేశాడు! ఆ తరవాత కొద్ది రోజులకే 'గ్రేప్స్ ఆఫ్ రాత్' మొదలుపెట్టాడు. మేలో ఒక పుస్తకం పనికిరాదనుకున్నాడు, పారేశాడు. ఆగస్టులో తానే పనికిరాననుకున్నాడు, పని మానలేదు.

ఈ రెండూ ఒకటి కాదు చూశారూ! "ఈ ప్రకరణం బాగా లేదు" అనేది ఒక సందేహం. "నేను బాగా లేను" అనేది ఇంకో సందేహం. మొదటిదానికి కాగితం మీద జవాబు దొరుకుతుంది. ఈ అత్తగారు ఈ మాట అంటుందా? ఈ పిల్ల ఇంత త్వరగా ఊరు వదిలి వెళ్తుందా? కాదనిపిస్తే కొట్టేసి ఇంకోలా రాస్తాం. రెండోదానికి జవాబు కాగితం మీద లేదు, అద్దంలోనూ లేదు, మీ ఆయన దగ్గరా లేదు. నాకు ఉత్తరం రాసిన ఆవిడ "ఎవరు చెబుతారు?" అన్నారే, ఎవరూ చెప్పరమ్మా. స్టైన్‌బెక్‌కు నోబెల్ బహుమానం వచ్చినప్పుడు ఒక విలేఖరి, ఈ బహుమానానికి మీరు అర్హులేనంటారా అని అడిగితే ఆయన, నిజం చెప్పాలంటే కానని చెప్పాడు. స్వీడన్ నుంచి పిలిచి పతకం ఇచ్చినా తీరని అనుమానం, మన పక్కింటి పిన్నిగారు "బాగానే ఉందే" అంటే తీరుతుందా?

అంచేత నేనొక పద్ధతి పెట్టుకున్నాను. రెండో రకం సందేహం వచ్చినప్పుడల్లా దాన్ని మొదటి రకంలోకి మార్చడానికి చూస్తాను. "నాకు రాయడం రాదు" అనిపించగానే, "ఏ పేజీ చదివి అలా అనిపించింది?" అని నన్ను నేనే అడుగుతాను. చాలాసార్లు ఏదో ఒక పేజీ దొరుకుతుంది. ఒక్కొక్కప్పుడు ఏ పేజీ ఉండదు. ఆ పూట నిద్ర చాలలేదు, లేకపోతే ఎవరో ఏదో అన్నారు, అంతే. అప్పుడు దాన్ని పట్టించుకోవలసిన అవసరం లేదు.

స్టైన్‌బెక్‌ను గురించి ఇంతగా చెప్పి, ఆయన భార్యను గురించి చెప్పకపోతే ఈ కార్యక్రమానికి స్త్రీల కార్యక్రమమని పేరెందుకు? ఆవిడ పేరు కారల్. పెద్ద లెడ్జరు పుస్తకంలో ఆయన చీమల బారుల్లా రాసిన రాతను చదివి, దిద్ది, టైపు చేసింది ఆవిడే. పుస్తకానికి ఆ పేరు పెట్టిందీ ఆవిడే. ఆయన ఆ మేలు మరవలేదు, నవలను ఆవిడకు అంకితం ఇచ్చాడు. అయినా 1943లో ఇద్దరికీ విడాకులయ్యాయి, అది వేరే సంగతి. రష్యాలో టాల్‌స్టాయ్ భార్య సోఫియా పదమూడుమంది పిల్లల్ని కన్న ఇల్లాలు. 'సమరము - శాంతి' చిత్తుప్రతులను చేత్తో మళ్ళీ మళ్ళీ సాపు రాసింది ఆవిడే. ఒకరు అనుమానపడుతూ రాస్తుంటే ఇంకొకరు నమ్మకంతో సాపు రాయడం. నమ్మకాన్ని ఇంట్లో ఇంకొకరి దగ్గర దాచుకోవడం అన్నమాట!

మరి మనకు కారల్ ఏదీ? మన సాపు ఎవరు రాస్తారు? నేను ఎవరినీ ఆడిపోసుకోవడం లేదు. మా ఇంట్లో నేను రాస్తున్నానంటే ఎవరూ కాదనరు. "రాసుకోవే" అంటారు. ఆ "కో"లోనే ఉందంతా! "వండు" అంటారు గాని "వండుకో" అనరు గదా.

ఈ వరస తిరగబడిన కథ ఒకటి ఉంది. ఇంగ్లండులో మేరియన్ ఎవాన్స్ అనే ఆవిడ జార్జ్ ఎలియట్ అని మగపేరు పెట్టుకుని నవలలు రాసింది. మొదటి కథ రాసేనాటికి ఆవిడకు దాదాపు 37 ఏళ్ళు. 1856లో ఆవిడతో కలిసి జీవిస్తున్న లూయిస్ అనే ఆయన, రాసినవారి పేరు చెప్పకుండా, తన మిత్రుడెవరో రాశాడని ఆ కథను ప్రచురణకర్తకు పంపాడు. ఆ ప్రచురణకర్త మెచ్చుకుంటూనే ఏవో చిన్న లోపాలు పట్టాడు. అంతే, ఈవిడ డీలా పడిపోయింది. లూయిస్ వెంటనే, నా మిత్రుడు చాలా బిడియస్తుడు, మీ మాటకు అధైర్యపడ్డాడు అని ఉత్తరం రాశాడు. ప్రచురణకర్త కంగారుపడి ధైర్యం చెబుతూ జవాబిచ్చాడు. ఆ తరవాత జీవితమంతా ఆవిడ కంట చెడ్డ విమర్శ పడకుండా లూయిస్ కాపలా కాశాడు. 'మిడిల్‌మార్చ్' వంటి నవల రాసిన మనిషికి కూడా ఆ కాపలా కావలసి వచ్చింది. లూయిస్ దొరికినవాళ్ళు అదృష్టవంతులు. దొరకనివాళ్ళు తమకు తామే కాపలా కాసుకోవాలి. ఎలాగంటే, సగం రాసిన నవలను ఎవరికిబడితే వారికి చూపించకూడదు. ఈ మాట నేను గట్టిగానే చెబుతాను. ఉడుకుతున్న పప్పును పది నిమిషాలకోసారి ఎవరో ఒకరు మూత తీసి చూస్తుంటే అది ఉడుకుతుందా?

కాపలా లేకుండా రాసినవాళ్ళూ ఉన్నారు. టోనీ మారిసన్ అనే నల్లజాతి రచయిత్రి ఇద్దరు పిల్లల్ని ఒంటరిగా పెంచుతూ, ప్రచురణ సంస్థలో ఉద్యోగం చేస్తూ, పిల్లలు లేవకముందు తెల్లవారుజామున కూర్చుని మొదటి నవల రాసింది. 1970లో అచ్చయ్యేనాటికి ఆవిడకు 39 ఏళ్ళు. 1993లో నోబెల్ బహుమానం వచ్చింది. మన రంగనాయకమ్మగారి చదువు హైస్కూలుతో ఆగింది. ఆవిడ నవలల మీద మూడు తరాలు వాదించుకున్నాయి. 1960ల్లో, 70ల్లో మన వారపత్రికల నిండా ఆడవాళ్ళ సీరియళ్ళే కదూ! ఎంత గిరాకీ అంటే కొందరు మగవాళ్ళు ఆడవాళ్ళ పేర్లు పెట్టుకుని రాశారు. జార్జ్ ఎలియట్ వింటే నవ్వుకునేది. ఆ సీరియళ్ళు రాసిన ఇల్లాళ్ళలో కాలేజీ మెట్లు ఎక్కనివారు ఎంతమందో. చదువు తక్కువన్నది రాయకపోవడానికి మనం చెప్పుకునే సాకుల్లో మొదటిది. నేనూ చాలాకాలం చెప్పుకున్న సాకే కాబట్టి దాని రుచి నాకు తెలుసు.

ఇక నా నవల సంగతి కొంచెం చెప్పనివ్వండి. నేను పుట్టింది మంగళగిరిలో, మగ్గం చప్పుళ్ళ మధ్య. మా నాన్న గుంటమగ్గం మీద చీరలు నేసేవాడు. అమ్మ రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది. నా నవలలో పిల్ల కూడా కండెలు చుట్టే పిల్లే. ఏడేళ్ళ వయసు నుంచి షావుకారు ఇంట కూలికి చుడుతుంది. మొదలుపెట్టినప్పుడు ఇంతకన్నా సుళువైన కథ ఉండదనుకున్నాను, ఎరిగిన బతుకే కదా అని. ఆరో ప్రకరణం దగ్గర బండి దిగబడిపోయింది. మొదటి ప్రకరణాలు రాసేటప్పుడు ఉత్సాహం లాక్కుపోతుంది, చివరివి రాసేటప్పుడు ఒడ్డు కనబడుతుంది. మధ్యలో మాత్రం వెనక్కి చూస్తే ఊరు లేదు, ముందుకు చూస్తే ఊరు లేదు. మీరు రాసిన ఉత్తరాలు చూసినా అంతే, ఆగిపోయినవాళ్ళందరూ ఆరు నుంచి పన్నెండో ప్రకరణం మధ్యలోనే ఆగిపోయారు!

అప్పుడు నాకు నాన్న మగ్గమే గుర్తొచ్చింది. గుంటలో కాళ్ళుపెట్టి కూర్చున్న నేతగాడికి చీర మొత్తం కనబడదు. కళ్ళ ముందు జానెడు గుడ్డ, దాని అవతల పడుగు, అంతే. నేసిన గుడ్డ ఎప్పటికప్పుడు ఒళ్ళోని కర్రకు చుట్టుకుపోతుంది. చీర ఎలా వచ్చిందో కోసి దించినప్పుడు గాని తెలియదు. పోగు తెగితే నాడె ఆపి, ముడివేసి, మళ్ళీ ఆడిస్తాడు. రోజుకు ఎన్నిసార్లు తెగుతుందో లెక్కలేదు. పోగు తెగింది కాబట్టి నాకు నేత రాదేమో అని నాన్న ఎన్నడూ అనుకోగా నేను చూడలేదు. వానాకాలంలో తేమకు పడుగు మొండికేస్తే మాత్రం తిట్టేవాడు. తిట్టేది పడుగునీ, వాననీ. తనను తాను కాదు.

అందుకని జానెడు గుడ్డ చాలనుకున్నాను. రోజుకు ఒక పేజీ. బుర్ర బాగున్న రోజు రెండు, కానీ మూడో పేజీ రాయను, మర్నాటికి కొంచెం మిగుల్చుకుంటాను. ఇదేమీ నేను కనిపెట్టింది కాదు, హెమింగ్వే చెప్పిన చిట్కా: తరవాత ఏం జరగాలో తెలిసి ఉన్నచోటే ఆ రోజు కలం ఆపాలట. దోసెల పిండిలో రేపటికి కాస్త ఉంచుకున్నట్టు. దీనివల్ల ఎంత మేలంటే, మర్నాడు కాగితం ముందు కూర్చోగానే "ఏం రాయను?" అనే భయం ఉండదు. ఆ భయం సందిచ్చిన చోటే రెండో రకం అనుమానం దూరుతుంది.

నిన్న రాసిందాన్ని చదవాలి గాని మొదటినుంచీ చదవకూడదని కూడా నా నియమం. మొదటి ప్రకరణం దిద్దుతూ ఏడాది గడిపినవాళ్ళను ఎరుగుదును. అచ్చయిన మంచి నవల ఒకటి చదివి, దాన్ని మన చిత్తుప్రతి పక్కన పెట్టి చూసుకోవడం అంతకన్నా ప్రమాదం. ఆ నవలకూ ఒక చిత్తుప్రతి ఉండే ఉంటుంది, అది మనకు ఎవరూ చూపించరు. పెళ్ళిపీటల మీద కూర్చున్న పిల్లను, తలంటు పోసుకుంటున్న పిల్లతో పోల్చడం ఏం న్యాయం?

రేడియో నాకు నేర్పింది ఒకటుంది. మొదటిసారి ఈ స్టూడియోలో కూర్చున్నప్పుడు ఎర్ర దీపం వెలగగానే నాలుక పిడచకట్టుకుపోయింది. వేలమంది వింటారని తలుచుకున్నకొద్దీ గొంతు పెగల్లేదు. గాజుపలక అవతల ఉన్న ఆవిడ నాకో మాట చెప్పారు. "వేలమందిని మరిచిపోండి. ఒక ఇంట్లో ఒకావిడ వంకాయలు తరుగుతూ వింటోంది. ఆవిడతో చెప్పండి." ఆనాటి నుంచీ అలాగే చెబుతున్నాను. ఏళ్ళ తరవాత తెలిసింది, స్టైన్‌బెక్ కూడా రాసేవాళ్ళకు ఇలాంటి సలహాయే ఇచ్చాడు. పాఠకులందరినీ మరిచిపోయి, ఎవరో ఒక్క మనిషిని ఎంచుకుని ఆ మనిషికి రాయమన్నాడు. 1951లో 'ఈస్ట్ ఆఫ్ ఈడెన్' రాసేటప్పుడు ఆయనే అలా చేశాడు. పెద్ద నోటుపుస్తకంలో ఎడమవైపు పేజీలో తన సంపాదకుడికి రోజుకో ఉత్తరం, కుడివైపు పేజీలో నవల.

నా వంకాయల మనిషి మా అమ్మ. ఆవిడకు చదువు రాదు. డెబ్బై దాటింది. కంటి ఆపరేషను అయినా చూపు అంతంతమాత్రం. ఈ ఏడాది వినికిడి కూడా తగ్గుతోంది. కుడివైపు కూర్చుని కొంచెం గట్టిగా చదివితేనే వినబడుతుంది. ఈ నవల అచ్చవుతుందా, ఏ పత్రికైనా వేస్తుందా, పోటీలకు పంపనా అన్నది తరవాతి మాట. ఆవిడ చెవి పనిచేస్తుండగా ముగించాలి. నాకున్న తొందర అది. ఆ తొందర పడ్డాక నా అనుమానాలకు నాతో మాట్లాడే తీరిక తగ్గింది. అవి పోయాయనడం లేదు. ఇవాళ పొద్దున్న కూడా వచ్చాయి. ఇంట్లో ముసలి చుట్టం ఉన్నట్టు ఓ పక్కన కూర్చుని గొణుగుతూ ఉంటాయి, నేను రాసుకుంటూ ఉంటాను.

కిందటి ఆదివారం పదకొండో ప్రకరణం అమ్మకు చదివి వినిపించాను. పండగ ముందు షావుకారు లెక్క తప్పు చూపించి ఆ పిల్ల కూలి పట్టేసుకునే ఘట్టం అది. అమ్మ ఏమీ అనలేదు. కళ్ళు మూసుకుంది, నిద్రపోయిందనుకుని నోటుపుస్తకం మూసేశాను. సోమవారం మధ్యాహ్నం నేను బట్టలు ఆరేస్తుంటే గుమ్మంలోకి వచ్చి నిలబడి, "ఇంతకీ వాడు ఆ పిల్ల డబ్బులు ఇచ్చాడా, ఇవ్వలేదా?" అంది.

"ఇంకా రాయలేదమ్మా" అన్నాను.

"రాయకపోతే ఎట్టాగే? పండగ దగ్గరికొచ్చె" అంది. పన్నెండో ప్రకరణం రెండు పేజీలయింది.